మగ్గాలు లేని షెడ్డులో లగ్గం

ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను చల్లబరిచిన మనుషులు యాభై మంది. అదీ ఒక్క పూట. మిగతా కాలమంతా నేను చల్లబరిచింది దారాన్ని.

ఏసీ పని చదువుకుని నేత మిల్లుల్లో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మీరు చేసిన పెద్ద పని ఏదైనా చెప్పండి అంటారు. పెద్ద పనులు రెండు మూడు చేశాను కానీ వాటిలో చెప్పుకోవడానికేమీ లేదు. అన్నీ లెక్క ప్రకారం జరిగాయి. లెక్క తప్పింది ఒక్కసారే. సూరత్‌లో, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో, ఒక పెళ్ళిలో. అందుకని అదే చెబుతాను. వాళ్ళు నోట్సు రాసుకోవడానికి పెన్ను తీసి, కాసేపటికి మూత పెట్టేస్తారు.

నా పని హ్యుమిడిటీ ప్లాంటు నడపడం. షెడ్డు గోడ వెనక ఒక గది ఉంటుంది. ఆ గదిలో పంపులు నీళ్ళను చిన్న చిన్న రంధ్రాల్లోంచి చిమ్ముతుంటాయి, అంటే అందులో ఎప్పుడూ వాన. పెద్ద ఫ్యాను బయటి వేడిగాలిని లాగి ఆ వానలోంచి పంపుతుంది. తడిసి చల్లబడిన గాలి గొట్టాల్లోంచి మగ్గాల మీదికి దిగుతుంది. గాలి పొడిగా ఉంటే నూలు పుటుక్కున తెగుతుంది. పాలియెస్టర్ అయితే కరెంటు పుట్టి, దువ్విన జుట్టులా లేచి నిలబడుతుంది. కాబట్టి గాలి తడిగా ఉండాలి. దారానికి హాయిగా ఉండే ఆ గాలిలో మనిషికి చెమట ఆరదు. నేతగాళ్ళు బనియన్లు పిండుకుంటూ పని చేసేవారు. వాళ్ళు నా లెక్కలో లేరు. ఏ పుస్తకంలోనూ నాకు వాళ్ళ లెక్క నేర్పలేదు, నేనూ అడగలేదు.

వాళ్ళ ఉపాయం వాళ్ళకు ఉండేది. ప్లాంటులో బైపాస్ అని ఒక రేకు తలుపు ఉంటుంది. దాన్ని తెరిస్తే కొంత గాలి వానలో తడవకుండా పక్క దారిన షెడ్డులోకి పోతుంది. గాలి కొంచెం పొడిబారుతుంది, మనిషికి ప్రాణం లేచొస్తుంది. ఎవరో దాన్ని మధ్యాహ్నాలు తెరుస్తున్నారని నేను కనిపెట్టాను. అది మా ఆపరేటరు పనే. అతను సిరిసిల్ల వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి, సూరత్‌లోని గోడాదరాలో ఉంటూ, పదేళ్ళు మగ్గం నడిపి ఆ తర్వాత నా దగ్గర ప్లాంటులో చేరినవాడు. షెడ్డులో సగం మంది అతనికి బావలు, బామ్మర్దులు. మిల్లు యజమాని శేఠ్ చెప్పాడని ఆ తలుపును వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ చేసేటప్పుడు రేకును అతని చేతే పట్టించాను. అప్పుడు నాకు అది క్రమశిక్షణ అనిపించింది.

నేను చెప్పే ఎండాకాలానికి షెడ్డు ఖాళీ. పాత మగ్గాలు నలభై తుక్కు కింద అమ్మేశారు. కొత్తవి ఏదో రేవులో కంటైనర్లలో ఇరుక్కుపోయాయి. తుప్పు పట్టకుండా రోజూ గంటసేపు ప్లాంటు తిప్పడానికి మేమిద్దరమే వెళ్ళేవాళ్ళం. అంతకు ముందు ఏడు, మొదటి విడతలో, నా భార్య పోయింది. ఆ తర్వాత నేను చదవడం మానేశాను. చదివింది చెప్పడానికి ఇంట్లో మనిషి లేకపోతే చదువులో సగం పోతుంది. ప్లాంటు గదిలో చప్పుడు ఎక్కువ కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. నాకు అక్కడ బాగుండేది.

ఒకరోజు ఫ్యాను ఆపగానే ఆపరేటరు నా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"సారూ, జర ఒక ముచ్చట అడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు."

"బిడ్డ లగ్గం మన షెడ్డుల చేద్దామనుకుంటున్న."

"షెడ్డులోనా?"

"ఏం, షెడ్డుకేమైంది? మా నాయినను మగ్గం గుంతల కూసోబెట్టి పెంచిండ్రు. మా బిడ్డ మగ్గాల సప్పుడుకే పండేది. ఫంక్షన్ హాలుకే పుట్టినట్టు మాట్లాడుతరేంది మీరు."

సంగతి ఇదీ. పెళ్ళి అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి లాక్‌డౌన్, రెండోసారి పెళ్ళికొడుకు ఇంట్లోనే ముగ్గురికి పాజిటివ్. నిశ్చితార్థమయ్యాక ఆ పిల్లా పిల్లవాడూ ఒక్కసారే, డుమస్‌లో సముద్రపు ఒడ్డున టమాటా భజియాలు తింటూ కలిశారు. అప్పటి నుంచీ వాళ్ళ మధ్య ఫోనే. పిల్లవాడు నవాగామ్‌లో ఉంటాడు, హజీరాలో ఒక ఆక్సిజన్ ప్లాంటులో టెక్నీషియన్. ఆ రోజుల్లో ఆక్సిజన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బయటి నుంచి జబ్బు రాకుండా అక్కడి మనుషులను లోపలే ఉంచి పని చేయిస్తున్నారు. అతని బ్యాచి నాలుగు రోజుల్లో లోపలికి వెళ్ళాలి. ఎప్పుడు వదులుతారో చెప్పలేదు.

"శ్రావణం దాక ఆగుదామని మా వదినె అంటుంది, పిలగాని తల్లి. ఆగనని నా బిడ్డ. లోపటికి పోయినంక ఏమైతదో ఎవలికెరుక, పోతే నా మొగుడై పోవాలె అంటుంది. ఆడివిల్ల అట్లంటే నేనేమనాలె సారూ?"

"మరి ఇంట్లో చేయవచ్చు కదా?"

"రేకుల ఇల్లు. మాటముచ్చట నాడు అండ్లనే మా వదినె కండ్లు తిరిగి పడ్డది. ఈసారి సల్లగ లేకుంటే గడప తొక్కనని ముందుగాలనే చెప్పింది. సల్లగ ఉంటదని నేను మాటిచ్చిన."

"ఎవర్ని అడిగి మాటిచ్చావు?"

"మిమ్మల్ని చూసుకోని."

శేఠ్‌కు ఫోన్ చేశాను. ఆయన అప్పట్లో ఇల్లు దాటి బయటికి వచ్చేవాడు కాదు. రెండు షరతులు పెట్టాడు. గోడకు మేకు కొట్టకూడదు, నిప్పు ఇనప తట్ట దాటకూడదు. ఒప్పుకున్నాక, "లేకిన్ ఠండా హోగా న?" అని, చల్లగా ఉంటుంది కదా అన్నట్టు, అడిగాడు. ఆ ప్రశ్న నాకు అవమానంగా తోచింది. ఇరవై ఎనిమిది డిగ్రీలు ఇస్తానన్నాను. బయట ముప్పై ఎనిమిది మండుతున్న రోజులవి. పక్కనే నిలబడి విన్న ఆపరేటరు ఆ ఇరవై ఎనిమిదిని సాయంత్రానికల్లా గోడాదరా నుంచి నవాగామ్ దాకా చాటించాడు.

పోలీసులు యాభై మందికి, పది నుంచి ఒంటిగంట దాకా అనుమతి ఇచ్చారు. జాబితాలో నా పేరు రాయబోతుంటే వద్దన్నాను. నేను యంత్రాల లెక్కలోకి వస్తాను, మనుషుల్లో ఇంకొకరిని రాసుకోండి అన్నాను. అసలు మాట వేరు. మనుషుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవాలని నాకు లేదు.

మూడు రోజుల్లో షెడ్డు మారిపోయింది. మచ్చలు పడి అమ్ముడుపోని చీరలు సూరత్‌లో ఎవరింట్లో లేవు కనుక? తలా నాలుగు తెచ్చారు. ఇనప స్తంభాలకు తాళ్ళు కట్టి ఆ చీరలతోనే పందిరి లేపారు. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి చీరలోనూ ఒక తప్పు ఉంటుంది, దూరానికి ఇంద్రభవనం. కుర్చీల మధ్య ఎడం ఎంతుండాలో ఎవరూ కొలవలేదు. నేల మీద మగ్గాల నంబర్లు పెయింటుతో అలాగే ఉన్నాయి. నంబరుకో కుర్చీ వేశారు, మిగిలిన పదిమందికి పందిరి కింద చోటు. ప్రభుత్వం చెప్పిన దూరం కన్నా మగ్గాల దూరమే ఎక్కువ.

పెళ్ళినాడు పొద్దున ఎనిమిదింటికి ప్లాంటు నడిపాను. తొమ్మిదిన్నరకు షెడ్డు మధ్యలో నిలబడి జంట థర్మామీటరు తిప్పి చూశాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, అందులో ఒక గొట్టానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, రెండోది పొడిది. రెండింటి మధ్య తేడా ఎంత తక్కువైతే గాలిలో తడి అంత ఎక్కువ. ఆ రోజు రెండూ ఇంచుమించు ఒకే ఎత్తున నిలబడ్డాయి. చూశాను. కానీ నా కన్ను పొడిదాని మీదే ఆగింది. ఇరవై ఎనిమిది. నాకు సంతోషం కలిగింది. ఆ ఏడాదిలో కలిగిన మొదటి సంతోషం కావడంతో దాన్ని పరీక్షించాలని తోచలేదు.

పదింటికి జనం వచ్చారు. ఎండలో రిక్షాలు దిగి, తలుపు దాటగానే ఒక్కొక్కరూ ఆగిపోవడం, ముఖం పైకెత్తడం. వెనక వస్తున్నవాళ్ళు వాళ్ళను గుద్దుకుని వాళ్ళూ ఆగిపోవడం. నేను ప్లాంటు గది గోడలో ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తున్నాను.

"ఏందిది, కాశ్మీరా?"

"కాశ్మీర్ పోయి వచ్చినట్టే చెప్తున్నవ్."

"పోకపోతే ఏంది, గిట్లనే ఉంటది."

ఈ మాటలన్నీ ఆపరేటరు తర్వాత నాకు నటించి చూపించినవి. పాత నేతగాడు ఒకాయన వచ్చి ఇరవై రెండో నంబరులోనే కూర్చుంటానని పట్టుబట్టాడు. పంతొమ్మిదేళ్ళు ఆ మగ్గం నడిపాడట. అప్పటికే అందులో కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామను లేపించి, కూర్చుని, అలవాటు కొద్దీ మగ్గాన్ని ఆన్ చేయడానికి కుడిచెయ్యి పక్కకు చాచాడు. అందరూ నవ్వారు. ఇరవై నిమిషాలపాటు నేను సూరత్‌లోకెల్లా గొప్ప ఇంజనీరును.

మొదట అప్పడాలు పోయాయి. వంట బయట రేకుల కింద చేసి, దుమ్ము పడకుండా వేయించిన అప్పడాలు లోపల బల్ల మీద పెట్టారు. అవి మెల్లగా తలలు వంచాయి. ఇరవై రెండో నంబరు పెద్దాయన ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, విరగకపోతే చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దస్తీ మర్చిపోయిన, గిది పనికొస్తది" అన్నాడు. తర్వాత తలంబాల బియ్యం. పసుపు పట్టించిన బియ్యం ఒకదానికొకటి అంటుకుని నిమ్మకాయలంత ఉండలయ్యాయి. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు ఉండను చేతిలో ఎగరేసి బౌలింగ్ వేసేవాడిలా వెనక్కి నడిచాడు. జీలకర్ర బెల్లం ముద్ద పాకమై తమలపాకు మీది నుంచి జారుతోంటే, ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని చెరో వైపు నుంచి కాపు కాస్తున్నారు. పంతులుగారు మూడో అగ్గిపెట్టె గీస్తున్నారు.

"ఏమైంది పంతులూ?"

"ఏం గాలే. అగ్నిదేవుడు గూడ ఐసోలేషన్ల ఉన్నడు."

నాకు అద్దంలోంచి నోళ్ళు కదలడం, భుజాలు ఎగరడం కనిపిస్తోంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియడం లేదు. నా చల్లదనానికి మురిసిపోతున్నారనుకున్నాను.

అప్పుడు పెళ్ళికొడుకు తల్లి లేచి నిలబడింది. ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని, అందరికీ వినబడేలా, "నాకు దమ్ము ఆడుతలేదు" అంది.

ఆ నెలల్లో ఆ మాట అర్థం ఏమిటో మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆమె చుట్టూ ఉన్న కుర్చీలు ఒక మగ్గం దూరం వెనక్కి జరిగాయి. ఎవరో ఫోన్ తీసి అంబులెన్స్ నంబరు వెతకడం మొదలుపెట్టారు. అంబులెన్స్ వస్తే పెళ్ళి లేదు. వచ్చినవాళ్ళందరూ టెస్టులకు వెళ్ళాలి, పెళ్ళికొడుకును ఆక్సిజన్ ప్లాంటులోకీ రానివ్వరు, ఇంటికీ పోనివ్వరు. పెళ్ళికూతురు పీట మీంచి సగం లేచింది. ఆపరేటరు అప్పుడే కట్టుకున్న పట్టు పంచె పైకి దోపుకున్నాడు.

జేబుల్లోంచి ఆరు ఆక్సీమీటర్లు బయటికి వచ్చాయి. అప్పట్లో తాళంచెవులు లేకుండా బయటికి వచ్చేవాళ్ళున్నారు కానీ అది లేకుండా వచ్చేవాళ్ళు లేరు. ఒకటి ఆమె వేలికి తగిలించారు. అంకె రాలేదు, గీతలు వచ్చాయి. ఇంకొకటి పెట్టారు. గీతలే. మూడోది కూడా గీతలే చూపించేసరికి వెనకనుంచి ఒకామె ఏడుపు ఎత్తుకుంది. పెళ్ళికూతురు లేచి వచ్చేసింది.

"అరే, అత్తమ్మకు మెహందీ ఉంది న. గోరు నల్లగుంటే చదవదది. కాలికి పెట్టుండ్రి."

"కాలికా?"

"పెట్టుండ్రి అంటున్న గదా. అత్తమ్మా, చెప్పు ఇడువు."

కాలి బొటనవేలికి పెట్టారు. యాభై మంది ఆ బొటనవేలి వంక చూశారు. తొంభై ఎనిమిది వచ్చింది. ఇరవై రెండో నంబరు పెద్దాయన, "నా మగ్గం గూడ గంత ఎఫిషెన్సీ ఎన్నడియ్యలే" అన్నాడు. ఆమె అప్పుడు మాస్కు లాగి పిండింది. నీళ్ళు కారాయి.

"గింత తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటె ఎద్దుకైనా దమ్ము రాదు. మీరు చెప్పిన సల్లదనం గిదా అన్నా? బయట ఎండల కూసుంట నేను. తడి ఆరితె లోపటికొస్త. లేకుంటె శ్రావణమే."

"అత్తమ్మా, ఒక్క పది నిమిషాలు. ఆ సారు ఏదన్న చేస్తడు."

"ఏం చేస్తడు ఆయన? వాన కురిపించుడు తప్ప ఆయనకేం ఎరుక?"

ఇది కూడా ఆపరేటరు నాకు అక్షరం మార్చకుండా చెప్పాడు. పరుగెత్తుకుంటూ ప్లాంటు గదిలోకి వచ్చి, మెడలో దండతో, ఫ్యాను హోరులో అరుస్తూ చెప్పాడు. ముహూర్తానికి ముప్పై ఐదు నిమిషాలుంది.

అప్పుడు గానీ నాకు తడి థర్మామీటరు గుర్తు రాలేదు. లెక్క తప్పింది ఎక్కడో కూడా వెంటనే తెలిసింది. మా ప్లాంటు పంపే గాలి ఎప్పుడూ నీళ్ళోడుతూనే వస్తుంది. మగ్గాలు నడుస్తుంటే ఒక్కొక్క మోటారు ఒక పొయ్యి. ఆ నలభై పొయ్యిల వేడికి గాలి కొంచెం వేడెక్కి, ఆ మేరకు ఆరి, దారానికి సరిపడా తడితో మిగులుతుంది. ఇన్నేళ్ళుగా నా లెక్కలో నలభై పొయ్యిలు ఉన్నాయి. ఈ రోజు లేవు. యాభై మంది మనుషులూ, ఒక వెలగని హోమమూ ఉన్నాయి.

చెప్పాను. అతను విన్నాడు.

"అంటే సారూ, సల్లగుండాలంటె పొయ్యిలు ముట్టియ్యాలెనా?"

"పొయ్యిలు అక్కర్లేదు. బైపాస్ తెరిస్తే చాలు. తడవని గాలి కలుస్తుంది. కానీ దాన్ని మనం వెల్డింగ్ చేశాం. ఇప్పుడు కట్ చేయడానికి మనిషిని ఎక్కడ తేవాలి?"

అతను మెడలో దండ సవరించుకున్నాడు. నేల చూశాడు.

"అది ఊడే ఉన్నది సారూ."

"ఏది?"

"వెల్డింగు. మీరు చేయించిన వారానికే ఊడగొట్టిన. రంగేసి తీగ కట్టిన. పగటీలి తెరిచెటోన్ని. మీ చెప్పుల సప్పుడు ఇనంగనే మూసెటోన్ని."

"ఎన్నాళ్ళు?"

"మగ్గాలు అమ్మే దాక."

పద్నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళు నేను చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి, రెండు థర్మామీటర్లు తిప్పి, పుస్తకంలో అంకెలు రాసి, సంతకం పెట్టాను. తేమను ఎంత నిలకడగా ఉంచానో చూడమని ఆ పుస్తకాన్ని వేరే మిల్లు వాళ్ళకు చూపించాను. దారం తెగడం ఎన్నడూ పెరగలేదు. నేతగాళ్ళు మధ్యాహ్నాలు పడిపోకుండా పని చేశారు. ఇంత బాగా ప్లాంటు నడిపింది ఎవరో నాకు ఆ రోజు తెలిసింది.

నాకు నవ్వు వచ్చింది. పెద్దగా వచ్చింది. పంపు మీద చెయ్యి ఆనించి, నీటి తుంపరలో నిలబడి నవ్వాను. ఆపరేటరు ముందు భయపడ్డాడు. తర్వాత అతనూ మొదలుపెట్టాడు. ఇద్దరం ముసలివాళ్ళం, ఒకడు మెడలో దండతో, నవ్వు ఆపుకోలేక ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం. నవ్వి ఎంతకాలమైందో అని అప్పుడు అనుకోలేదు. తర్వాత అనుకున్నాను.

"ఎంత తెరిచేవాడివి?" అన్నాను, ఊపిరి తిరిగాక.

"ఎండకాలం జానెడు. వానలల్ల మొత్తం."

"ఈ రోజుకు?"

అతను రేకు తలుపు దగ్గరికి వెళ్ళి గాలి చూశాడు. థర్మామీటరు కాదు, మణికట్టు లోపలి వైపు చాచి చూశాడు. "మగ్గాలు లేవు గదా. రెండు జానలు" అన్నాడు.

మూడు పంపుల్లో రెండు ఆపేశాను. షెడ్డు అవతలి కొసన ఉన్న షట్టర్ పైకెత్తమని కుర్రాళ్ళకు చెప్పించాను, లోపలి తడి బయటికి పోవాలి కనుక. అతను తీగ విప్పి తలుపు లాగాడు. రెండు జానలు తెరుచుకుంది. తీగ మాత్రం చేతిలో ముక్కలైంది. రెండేళ్ళ తుప్పు. వదిలితే ఫ్యాను ఊపుకు తలుపు ఠపీమని మూసుకుంటోంది. ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. తాడేమైనా ఉందా అని వెతికితే ఒక్కటి లేదు, ఉన్నవన్నీ చీరల పందిరికి పోయాయి.

"నేను పట్టుకుంట. మీరు పోయి..." అంటూ ఆపరేటరు ఆగాడు.

"నేను పోయి కన్యాదానం చేయనా? నడువు."

పిండుకున్న పంచెతో అతను పరుగెత్తాడు. నేను తలుపు పట్టుకున్నాను. అద్దం నా ఎడమ భుజం దగ్గర ఉంది, మెడ తిప్పితే కనిపిస్తుంది. పావుగంటలో షెడ్డులో వేడి మూడు డిగ్రీలు పెరిగింది. పెరిగిన తర్వాత జనం సర్దుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు తల్లి గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి, ముక్కుతో గాలిని పరీక్షించింది. ఎవరో పొడి మాస్కు ఇచ్చారు. ఒక్కో అడుగే వేస్తూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కూర్చుని, "గిప్పుడు సల్లగున్నది. పొద్దుగాల గిట్ల ఎందుకు పెట్టలే?" అందట. ఇరవై ఎనిమిదిలో ఉక్కిరిబిక్కిరై, ముప్పై ఒకటిలో చల్లగా ఉందన్నది. కుర్రాళ్ళూ, ఇక్కడ మాత్రం పెన్ను తీయండి. మనిషికి కావలసింది చల్లటి గాలి కాదు, తన చెమటను తీసుకుపోయే గాలి. ఈ ఒక్క ముక్క నాకు చెప్పింది ఆక్సీమీటరు కాలికి పెట్టించుకున్న ఒక ఆడమనిషి.

హోమం వెలిగింది. పొగ షట్టర్ వైపు బుద్ధిగా నడిచి వెళ్ళిపోయింది. జీలకర్ర బెల్లం మళ్ళీ కొత్తగా నూరారు, అది జారకుండా తల మీద నిలబడింది. పుస్తె కట్టడం చూశాను. వాద్యాలు లేవు, ఎవరి ఫోనులోంచో మేళం మోగిందట, నాకు ఫ్యాను చప్పుడే. తర్వాత తలంబాలు. పెళ్ళికూతురు రెండు చేతులా ఎత్తి పోసింది. బియ్యం గింజ గింజగా విడిపోయి రాలింది. తేమ అరవై ఐదు దాటి లేదని థర్మామీటరు లేకుండానే చెప్పగలను. ఎవరి పెళ్ళి చూసినా నాకు మా పెళ్ళి గుర్తొచ్చేది. ఆ రోజు రాలేదు. భుజం నొప్పి పుడుతోంది, ఎదుట ఒక అమ్మాయి నవ్వుతోంది, అంతే ఉంది.

ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఆ పిల్లవాడు లోపలికి వెళ్ళి కొన్ని వారాల తర్వాత క్షేమంగా బయటికి వచ్చాడు. ఇప్పుడు వాళ్ళకు ఒక పాప. కానీ ఆ పూట అది ఎవరికీ తెలియదు. రెండింటికి కంపెనీ బస్సు వస్తుంది, అతన్ని తీసుకుని వెళ్ళిపోతుంది. తెలిసింది అంతవరకే.

ఒంటిగంటకు అనుమతి అయిపోయింది. భోజనాలు కూడా అయ్యాయి. చల్లటి షెడ్డు వదిలి బయటికి రావడానికి ఎవరికీ కాళ్ళు రావడం లేదు. పెళ్ళికొడుకు తల్లే లేచి, అందరినీ కోళ్ళను తోలినట్టు తోలింది.

"టైం అయింది, నడువుండ్రి బయటికి. పోలీసులొస్తరు."

"మరి వాళ్ళిద్దరు?" అన్నాడు పెళ్ళికొడుకు స్నేహితుడు.

"వాళ్ళు లగ్గానికి వచ్చిన్రారా? వాళ్ళదే లగ్గం. లగ్గం అయిపోయింది. గిప్పుడు మొగడు పెండ్లాం వాళ్ళింట్ల కూసున్నట్టు. నువ్వు నడువు ముందుగాల."

అలా నలభై ఎనిమిది మంది బయటికి వచ్చారు. ఎండ నడినెత్తిన ఉంది. గోడ పక్కన చేతి వెడల్పు నీడ. ఆ నీడలో అందరూ వీపులు గోడకు ఆనించి, బారుగా, మాస్కుల వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డారు. పెళ్ళికొడుకును సాగనంపకుండా ఇళ్ళకు వెళ్ళేది లేదన్నారు. ఆపరేటరు లోపలికి వచ్చి తలుపు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం చెరో చెయ్యి వేశాం. అద్దంలోంచి చూడొద్దని అతను చెప్పలేదు, నేను చూడలేదు. నూటయాభై అడుగుల షెడ్డులో, మచ్చల చీరల కింద, రెండు కుర్చీల్లో ఇద్దరున్నారు. వాళ్ళకోసం ఒక పంపు, ఒక ఫ్యాను, ఇద్దరు మనుషులం నడుస్తున్నాం.

చాలాసేపటికి ప్లాంటు గది తలుపు తెరుచుకుంది. పెళ్ళికొడుకు తల్లి. ముఖమంతా ఎండకు కమిలి ఎర్రగా ఉంది. జాకెట్టు తడిసిపోయింది. చేతిలో పెరుగు గిన్నె.

"సారూ, గీ మిషన్ ఇంక ఎంతసేపు నడుస్తది?"

"బస్సు వచ్చేదాకా నడుపుతామమ్మా."

"బస్సు ఎప్పుడో వచ్చింది. డ్రైవర్‌ను కూసోబెట్టి అన్నం పెట్టిన. సగమే తిన్నడు. మీరు బంద్ చెయ్యకుండ్రి."

చెప్పి, ఆ డ్రైవరుకు మళ్ళీ పెరుగు వడ్డించడానికి ఎండలోకి వెళ్ళిపోయింది.